పదిహేడో నంబరు బజారుకెళ్ళింది

ఆ ఇంట్లో భయపడే పనంతా ఆవిడ ఒక్కతే చూసుకునేది. మిగిలిన ఇద్దరికీ ఆ శ్రమ లేకుండా చేసింది. భర్త తుమ్మితే ఆస్పత్రి, కూతురు దగ్గితే ఎక్స్‌రే. వీధిలో కుక్క మొరిగితే దొంగ. మొరగకపోతే కుక్కకి మత్తుమందు పెట్టిన దొంగ. లిఫ్టు ఎక్కితే మధ్యలో ఆగిపోతుంది, మెట్లెక్కితే మోకాళ్ళు పోతాయి. అందుకని రెండో అంతస్తులో ఉన్న తన ఇంటికి చేరడానికి ఆవిడ రోజూ కింద నిలబడి అయిదు నిమిషాలు ఆలోచించేది.

అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్ల ఏదో ఒక ఆఫీసులో ఫ్యాను కింద కుదురుగా కూర్చోవాలి కదా. కూర్చోలేదు. వెళ్ళి వెళ్ళి సముద్రపు తాబేళ్ళ పరిశోధన కేంద్రంలో చేరింది. పడవ మీద వెళ్ళడం, తాబేళ్ళని పట్టి కొలతలు తీయడం, మెడ దగ్గర సూది గుచ్చి రక్తం తీయడం, చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన వాటి పొట్ట కోసి చూడటం. ఆ పొట్టలో ఏమేం దొరికాయో సరిగ్గా భోజనాల వేళకే గుర్తొచ్చేది ఆ పిల్లకి. ప్లాస్టిక్ సంచి, బెలూను ముక్క, గాలం తీగ అని వరసగా చెబుతుంటే ఆయన మాత్రం "ఇంకాస్త వడ్డించు" అనేవాడు. ఆవిడకి ముద్ద దిగేది కాదు.

కూతురు బయటికి వెళ్ళినప్పటి నుంచీ గంట గంటకీ ఫోన్. ఎక్కడున్నావు, పడవలో ఎంతమంది, ఒడ్డు కనబడుతోందా, కనబడకపోతే వెనక్కి రమ్మను. చివరికి ఒకరోజు విసిగిపోయిన కూతురు తల్లి ఫోన్ తీసుకుని అందులో ఒక మ్యాపు పెట్టింది.

"అమ్మా, ఇది చూడు. ఈ చుక్క ఒక తాబేలు. దాని వీపు మీద అగ్గిపెట్టెంత పెట్టె జిగురుతో అంటించాం. అది ఊపిరి పీల్చుకోవడానికి నీళ్ళ మీదికి వచ్చినప్పుడల్లా ఆ పెట్టె ఉపగ్రహానికి కబురు పంపుతుంది. అప్పుడు ఇక్కడ చుక్క పడుతుంది. నీకు తోచనప్పుడు నా గురించి కాకుండా దీని గురించి భయపడు."

"దాని పేరేంటి?"

"పేరేం లేదు. పదిహేడో నంబరు."

"పాపం, పేరు కూడా పెట్టలేదు పిచ్చితల్లికి" అంది ఆవిడ. పేరు కుదిరిపోయింది.

ఆ సీజనులో కేంద్రం వాళ్ళు అంటించిన పెట్టెలు మూడే. పదిహేనో నంబరుది నలభయ్యో రోజున మూగబోయింది. పదహారోది అంతకన్నా ముందే. మిగిలింది పదిహేడు. గుడ్లు పెట్టే కాలం అయ్యేదాకా, అంటే ఇంకో నలభై రోజులు, అది కబుర్లు పంపితే ఆడ తాబేళ్ళు ఒడ్డు దగ్గర ఎక్కడెక్కడ మసలుతాయో తెలుస్తుంది. అది తెలిస్తే ఆ కాలంలో అక్కడ వలలు వేయకుండా ఆపమని అడగొచ్చు. తెలియకపోతే కూతురి మూడేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే, ఆ పైన ఉద్యోగమూ అంతే. ఈ సంగతి కూతురు ఒక్కసారే చెప్పింది. ఆవిడకి ఒక్కసారి చెబితే చాలు, వెయ్యిసార్లు తలుచుకుంటుంది.

ఇక చూడాలి ఆవిడ కాపలా. వంటగట్టు మీద ఉప్పు డబ్బాకి ఫోన్ ఆనించి, కూర కలుపుతూ ఒక చూపు, గిన్నెలు తోముతూ ఒక చూపు.

"ఏమండీ, మూడు గంటలైంది. ఇంకా పైకి రాలేదు."

"పడుకుందేమో."

"ఊపిరి పీల్చుకోకుండా పడుకుంటారా ఎవరైనా?"

"పదిహేడో నంబరు పడుకుంటుంది. నువ్వే నన్ను పడుకోనివ్వవు" అనేవాడు ఆయన, పేపరు మడిచి.

కూతురికి ఫోన్ చేస్తే, అడుగున విశ్రాంతి తీసుకునేటప్పుడు అది గంటలకొద్దీ పైకి రాదని ఓపిగ్గా చెప్పేది. ఒకసారైతే చుక్క పోయి పోయి ఒక కొండ మీద పడింది. ఆ రోజు ఆవిడ కూతురికి అయిదు ఫోన్లు చేసి కేంద్రంలో మనుషులందర్నీ లేపి కూర్చోబెట్టింది. తీరా చూస్తే ఉపగ్రహం లెక్క తప్పింది. తాబేలు నీళ్ళల్లోనే ఉంది. అప్పట్నుంచి కేంద్రంలో ఆవిడకి 'కొండెక్కించిన అమ్మగారు' అని పేరు స్థిరపడింది.

ఇంతలో సదస్సు వచ్చింది. 'అంతరించిపోతున్న సముద్రపు తాబేళ్ళను కాపాడుకోవడం ఎలా' అని మూడు రోజులు. తాబేళ్ళ గురించి ఏమైనా తెలిసిన ప్రతి మనిషినీ సముద్రం దగ్గర్నుంచి పట్టుకొచ్చి ఒక ఏసీ హాల్లో పెట్టారు. ఈ మూడు రోజులూ మీరు వలల్లో పడకండని తాబేళ్ళకి ఎవరైనా కబురు చేశారో లేదో తెలియదు. కేంద్రం డైరెక్టరుని ఇంట్లో 'స్లైడు సారు' అనేవారు. ఆయన తాబేలుని నేరుగా చూసి ఎన్నాళ్ళయిందో కానీ, తెర మీద మాత్రం రోజూ చూస్తాడు. ఆయన ఉపన్యాసానికి బొమ్మలు చేసిపెట్టడంలో కూతురు రెండు వారాలు మ్యాపు వైపే సరిగ్గా చూడలేదు. చూడటానికి ఇంట్లో మనిషి ఉందిగా.

సదస్సు రెండో రోజు పొద్దున్న ఆవిడ మ్యాపు తెరిచేసరికి చుక్కలే చుక్కలు. మామూలుగా రోజుకి నాలుగో అయిదో పడేవి. ఆవేళ ఎనిమిదిన్నరకే పంతొమ్మిది. పైగా ఒక్కటీ నీలం రంగు మీద లేదు. అన్నీ నేల మీదే.

ఫోన్ కలిపింది. కూతురు గుసగుసగా మాట్లాడింది.

"ఏంటమ్మా? ఇప్పుడే మొదలవుతోంది."

"పంతొమ్మిది చుక్కలు పడ్డాయే!"

"తెలుసు. పొద్దున లెక్క మెయిల్లో వచ్చింది. సిగ్నల్ బాగా అందుతోంది. సారు తెగ సంబరపడిపోతున్నారు. ఆ లెక్క ఉపన్యాసంలో పెట్టుకుంటారట."

"అది ఒడ్డు మీద ఉందే!"

"ఒడ్డు దగ్గర ఉంటుందమ్మా. మ్యాపు కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. కొండ గుర్తుందా?"

గుర్తుండకేం. ఆవిడ నోరు మూతపడింది. కానీ కళ్ళు మూతపడలేదు. తొమ్మిదింటికి చుక్క చేపల రేవు రోడ్డు మీద ఉంది. తొమ్మిదింపావుకి చేపల బజారు దగ్గర. ఆ తర్వాత బజారు వెనక సందులో ఆగిపోయింది.

"ఏమండీ, పిచ్చితల్లి పావుగంటలో రెండు కిలోమీటర్లు వెళ్ళింది."

"బజారుకెళ్ళిందేమో, ఏదైనా తెచ్చుకుందామని."

"మీకు వేళాకోళంగా ఉందా? దాన్ని ఎవరో బండి మీద తీసుకెళుతున్నారు!"

ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. ఎనిమిదోసారికి కూతురు ఎత్తడం మానేసింది. కేంద్రానికి చేస్తే ఆ ఫోన్ ఎప్పటిలాగే చచ్చి ఉంది. అది బాగుచేయించమని అర్జీ పెట్టి అప్పటికి అయిదు నెలలు.

అప్పుడు ఆవిడ ఎన్నడూ చేయని పని చేసింది. చెప్పులేసుకుంది. సంచిలో గొడుగు, టార్చిలైటు, నీళ్ళ సీసా, కడుపునొప్పి మాత్రలు, కట్టు కట్టే గుడ్డ, ఎందుకైనా మంచిదని ఒక విజిల్ వేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు ఆయన.

"బజారుకి."

"ఒక్కదానివే? బస్సులోనా?" ఆయన పేపరు దించాడు. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆయన ముఖంలో కంగారు అనేది ఆవిడ చూడటం అదే మొదలు. చూసి ఆనందించడానికి తీరిక లేకపోయింది.

బస్సులో డ్రైవరుకి నిద్ర వస్తోందేమోనని అద్దంలో ఆయన కళ్ళనే చూస్తూ కూర్చుంది. దారిలో ఒక వంతెన, దాని మీద ఒక పగులు, ఆ పగులులో మొలిచిన ఒక మొక్క. అన్నీ లెక్కపెట్టుకుంది. రేవు దగ్గర దిగి, చేతిలో ఫోన్ పెట్టుకుని చుక్క చెప్పినట్టు నడిచింది. ఐసు మిల్లు పక్కన నేలంతా తడి. జారిపడితే నడుం విరుగుతుందని గోడ పట్టుకుని నడిచింది. వలలు ఆరేసిన సందులో నాలుగో గుమ్మం దగ్గర, ఆవిడా చుక్కా ఒక్కచోటికి చేరాయి.

గుమ్మంలో ముప్ఫై అయిదేళ్ళ మనిషి నిలబడి ఉంది. చేతిలో తడిగోనె.

"ఇక్కడ... తాబేలు..." అంది ఆవిడ. విజిల్ సంచి అడుగుకి వెళ్ళిపోయింది, చేతికి అందడం లేదు.

"హమ్మయ్య, వచ్చారా! ఎంత సేపటికి వచ్చారమ్మా మీరు!" అంది ఆ మనిషి. లోపలికి కేకేసింది. "ఇదిగో, తాబేలు వాళ్ళు వచ్చారు!"

పెరట్లో రేకు నీడన, చెక్క పలక మీద ఉంది పదిహేడో నంబరు. ఆవిడ అనుకున్నట్టు చిన్న పళ్ళెమంత కాదు, భోజనాల బల్లలో సగమంత. వెనక భాగం కింద ఇటుకలు పెట్టి ఎత్తారు, తల వాలుగా ఉంది. ఒంటి మీద తడిగోనె, ముక్కు మాత్రం వదిలేసి. ముందు రెక్క మొదట్లో వలతాడు కోసుకుపోయి ఎర్రగా తెరుచుకుని ఉంది. పక్కనే పీట మీద ఒక జాలరి కూర్చుని చెంబుతో గోనె తడుపుతున్నాడు.

"తెల్లారుజామున వల లాగితే వచ్చిందమ్మా" అన్నాడు. "ఊపిరి లేదనుకున్నాను. మీ కేంద్రం పిల్లగారు నిరుడు రేవులో చెప్పిందిగా, వెనక ఎత్తిపెట్టండి, నీళ్ళు కారిపోతాయి, తొందరపడి సముద్రంలో వేయకండి, మునిగిపోతుంది అని. అట్లాగే చేశాను. దెబ్బ తగిలింది కదా, ఎండలో రేవులో ఉంచలేక బండి మీద ఇంటికి తెచ్చాను. అప్పుడు పంచిన కాయితంలో రాసినవన్నీ చేశాం. ఆఖరిదొక్కటే కాలేదు."

"ఆఖరిదేంటి?"

"ఈ నంబరుకి ఫోన్ చేయండి అని" అంది గుమ్మంలో కనబడిన ఆ మనిషి, జాలరి భార్య. "పదకొండుసార్లు చేశాం. నంబరు దాని వీపు మీదే ఉంది. ఎత్తితేగా! ప్రాణం పోతోందంటే పలకనివాళ్ళు నంబరు రాయడం దేనికమ్మా? అందానికా?"

ఆవిడ వంగి చూసింది. పెట్టె పక్కన నీళ్ళకి పోని రంగుతో పది అంకెలు. కూతురి నంబరు. కేంద్రం ఫోన్ పనిచేయక ఆ పిల్ల తన నంబరే రాసింది.

ఆ ఫోన్ ఎందుకు మోగలేదో ఈ లోకంలో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. తెలియని నంబరు ఎత్తితే గొంతు రికార్డు చేసుకుంటారట, ఆ గొంతుతో ఎవరెవరికో ఫోన్లు చేస్తారట అని ఎక్కడో వింది. వినడమే తరువాయి, ఇంట్లో మూడు ఫోన్లూ పట్టుకుని దుకాణానికి వెళ్ళి, తెలియని నంబర్లేవీ మోగకుండా కట్టడి చేయించింది. కూతురు అప్పుడు నవ్వింది, తర్వాత పనుల్లో పడి మరిచిపోయింది. ఆవిడ మాత్రం ఆ కట్టడి ఉందో లేదోనని నెలకోసారి తీసి చూసేది.

లోకంలో ఉన్న ప్రమాదాలన్నిటినీ ముందే పసిగట్టిన మనిషికి ఇది ఒక్కటే తట్టలేదు.

"నేను చేస్తానుండండి" అని తన ఫోన్ తీసింది. పొద్దుట్నుంచీ మ్యాపు చూసీ చూసీ అది అప్పటికే కొడిగట్టింది. రెండుసార్లు మోగి ఆరిపోయింది. ఆ ఇంట్లో చార్జరు ఆవిడ ఫోన్‌కి పట్టలేదు. ఫోన్ అంత పాతది మరి. కొత్తవి పేలతాయని కొననివ్వలేదు. జాలరి ఫోన్ నుంచి భర్తకి చేసింది. ఆయన ఫోనూ మోగదు. అదీ ఆవిడ చలవే.

"సముద్రంలో వదిలేద్దామా?" అంది భార్య.

"ఆ రెక్కతో ఈదలేదు. మళ్ళీ మునుగుతుంది" అన్నాడు జాలరి.

"నేను పరిగెత్తుకెళ్ళి పిలుచుకొస్తాను" అంది ఆవిడ. కానీ ఆ హాలు ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. వెళ్ళి వచ్చేసరికి... అక్కడితో ఆపేసింది. జీవితంలో మొదటిసారి ఒక భయాన్ని చివరిదాకా ఊహించడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. జాలరి తమ్ముడిని బండి మీద పంపారు. అతను వెళ్ళాడు కానీ, హాల్లోకి కార్డు లేనిదే రానివ్వరట. తాబేలుకి కూడా కార్డు ఉండదు కదా అని అతను అడిగాడట. గేటు దగ్గరాయన నవ్వలేదట.

చేసేదేం లేక ఆవిడ పీట లాక్కుని తాబేలు తల దగ్గర కూర్చుంది. ఊపిరి లెక్కపెట్టింది. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. మధ్యలో తన ఊపిరి బిగబట్టుకోవడం వల్ల ఆవిడకే రెండుసార్లు కళ్ళు తిరిగాయి. తాబేలు కంట్లోంచి చిక్కగా నీళ్ళు కారుతున్నాయి.

"ఏడవకే పిచ్చితల్లీ" అంది ఆవిడ. "తప్పు నాది. నీది కాదు."

జాలరి భార్య చెంగుతో ముక్కు తుడుచుకుంటూ అడిగింది. "పెద్దమ్మా, మీరు కూడా డాక్టరేనా?"

"కాదమ్మా. నేను భయపడటానికి ఉన్నాను."

ఈలోగా అక్కడ హాల్లో జరిగింది తర్వాత కూతురే చెప్పింది. స్లైడు సారు తెర మీద బొమ్మ వేసి, "నిన్నటి దాకా రోజుకి అయిదు. ఈరోజు ఇప్పటికే నలభై ఒకటి! మన సిగ్నల్ నాణ్యత ఎంత పెరిగిందో గమనించండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో కూతురు ఫోన్ చూసుకుంది, తల్లివి ఎన్ని ఫోన్లు వచ్చాయోనని. గంటన్నరగా ఒక్కటీ లేదు.

పుట్టి బుద్ధెరిగాక తల్లి దగ్గర్నుంచి గంటన్నర సేపు ఫోన్ రాకపోవడం ఆ పిల్లకి తెలియదు. తల్లికి చేసింది. స్విచ్ ఆఫ్. తండ్రికి చేసింది.

"నాన్నా, అమ్మేది?"

"తాబేలు బజారుకెళ్ళిందని తీసుకురావడానికి వెళ్ళింది. ఒక్కతే, బస్సులో" అన్నాడు ఆయన.

"ఏ బజారు?"

"నాకేం తెలుసు? తాబేలుని అడుగు."

అప్పుడు తెరిచింది మ్యాపు. తాబేలు కోసం కాదు, తల్లి కోసం. సందులో ఒకే చోట కుప్పపోసినట్టు పడిన చుక్కలు చూసింది. నీళ్ళల్లో ఉంటే పెట్టె ఎప్పుడో ఒకసారి పలుకుతుంది. ఆగకుండా పలుకుతోందంటే అది పొడి నేల మీద ఉన్నట్టు. ఆ సంగతి ఆ హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. చప్పట్లు ఇంకా అవుతూనే ఉన్నాయి. వాటి మధ్యలోంచి లేచి, సదస్సుకి వచ్చిన పశువైద్యుడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

జీపు సందులో ఆగడం, కూతురు దిగడం, అరవడం మూడూ ఒకేసారి అయ్యాయి.

"ఫోన్ ఎందుకు ఆపేశావు? ఒక్కదానివే ఎలా వచ్చావు? ఇక్కడంతా తడి, జారిపడితే నడుం విరిగేది! ఎవరికైనా చెప్పొద్దా? ప్రాణం ఎగిరిపోయింది నాకు!"

ఆవిడ గోడకి ఆనుకుని విన్నది. అక్షరం పొల్లుపోకుండా తన మాటలే. అంత బాగా నేర్చుకుందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియలేదు.

"నీ ఫోన్ ఇటివ్వు" అంది. తీసుకుని, ఆ కట్టడి ఎక్కడుందో వెతికి తీసేసింది. పదకొండు మోగని ఫోన్లు కూతురికి చూపించింది. ఆ తప్పులో ఇద్దరికీ వాటా ఉంది.

పశువైద్యుడు గాయం కడిగి, గుండె చూసి, "బతుకుతుంది. ఇంకో రెండు గంటలైతే చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు. నలుగురు పట్టి జీపులోకి ఎక్కిస్తుంటే తాబేలు కళ్ళు మళ్ళీ కారాయి.

"చూడవే, ఎలా ఏడుస్తోందో."

"అది ఏడుపు కాదమ్మా. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా కంట్లోంచి పోతుంది."

"నాకూ అంతే" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

బయల్దేరబోతుంటే జాలరి అడిగాడు. "అమ్మాయిగారూ, అవి ఎక్కడ తిరుగుతాయో తెలుసుకోవడానికేనా ఈ పెట్టెలు? రాతిగుట్ట అవతల, బురదనేల మీద. ఈ కాలంలో ఎప్పుడూ అక్కడే. మా నాన్నప్పటి నుంచీ. మమ్మల్ని ఎవరూ అడగలేదు."

కూతురు జీపు దిగి, పుస్తకం తీసి, అతని ముందు పీట మీద కూర్చుంది. స్లైడు సారు రెండోసారి ఫోన్ చేస్తున్నాడు. తెలిసిన నంబరే. ఎత్తలేదు.

పదిహేడో నంబరు పంతొమ్మిది రోజులు కేంద్రం తొట్టిలో ఉంది. ఆ పంతొమ్మిది రోజులూ ఉపగ్రహానికి ఆ తొట్టి నుంచి కబుర్లు బ్రహ్మాండంగా అందాయి. దాన్ని సారు ఏ లెక్కలో రాసుకున్నాడో తెలియదు. కుట్లు మానాక, ఒక పొద్దున జాలరి పడవలోనే తీసుకెళ్ళి రాతిగుట్ట దగ్గర వదిలారు. ఆవిడని కూడా రమ్మన్నారు. పడవలో ఎంతమందో, ఒడ్డు కనబడుతుందో లేదో కనుక్కుని, రానంది. ఇంట్లో ఉప్పు డబ్బాకి ఫోన్ ఆనించి కూర్చుంది.

పగలంతా చుక్క పడలేదు. మర్నాడు పొద్దున్నా పడలేదు. కూతురికి ఫోన్ చేయకూడదని ఒట్టు పెట్టుకుంది కాబట్టి గిన్నెలు రెండుసార్లు తోమింది. పదకొండింటికి ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఇంట్లో మూడు ఫోన్లకీ ఆ కట్టడి తీసేశాక మొదటిది. ఆవిడ చెయ్యి తుడుచుకుని, కాసేపు దాన్ని చూసి, ఎత్తింది.

"పెద్దమ్మా, నేను. రేవు సందులోంచి" అంది జాలరి భార్య. "మీ అమ్మాయిగారు నా ఫోన్‌లోనూ మ్యాపు పెట్టి, మీ నంబరు ఇచ్చింది. నిన్నట్నుంచి చూస్తున్నా, ఒక్క చుక్కా లేదేంటి? ఊపిరి పీల్చుకోవడం లేదా?"

"అబ్బే, అడుగున పడుకుందేమోనమ్మా. గంటలకొద్దీ పడుకుంటాయి అవి. ఊరికే కంగారుపడకూడదు" అంది ఆవిడ. తోమిన గిన్నెనే మళ్ళీ అందుకుంది.

"నాకైతే ముద్ద దిగట్లేదు పెద్దమ్మా. ఈయనేమో నవ్వుతున్నాడు."

"వాళ్ళంతే. నవ్వనీ."

ఇద్దరూ ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉన్నారు. అటు వలల సందు చప్పుడు, ఇటు కుళాయి చప్పుడు. ఉన్నట్టుండి రాతిగుట్టకి చాలా అవతల, నీలం రంగు మధ్యలో ఒక చుక్క పడింది. కాసేపటికి ఆ పక్కనే ఇంకొకటి.

అటు మనిషి గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఇటు ఆవిడా వదిలింది.

"పెద్దమ్మా, మరీ అంత లోతుకి వెళ్ళిందేంటి?"

"అదేనమ్మా, నేనూ అదే అనుకుంటున్నాను" అంది ఆవిడ, పీట దగ్గరికి లాక్కుంటూ.